గ్యాసుదీపముల మురుగునుండి ఎరువు

1812లో స్థాపితమైన లండను గ్యాసు కంపెనీ, బొగ్గును గాలి సోకని బట్టీలలో కాచి, వచ్చిన వాయువుతో వీధిదీపములు వెలిగించెను. ఆ వాయువును చల్లార్చి కడిగిన నీటిలో అమోనియా దిగెడిది. ముక్కు బ్రద్దలగు ఆ నీటిని తొలుత థేమ్సు నదిలోనికి వదలిరి. చేపలు చచ్చుచున్నవని జాలరులు మొరపెట్టిరి. పైరుల ఆహారమును ఏటిపాలు చేయుచుంటిమని తెలియుటకు కాలము పట్టినది!

ఆవిరి పట్టినచో ఆ నీటినుండి కొంత అమోనియా లేచును. లవణరూపమున చిక్కుకొన్న భాగము మాత్రము సున్నము కలిపినగాని విడివడదు. (నవాసారమును తడిసున్నముతో నూరినచో విద్యార్థులకు ఈ సంగతి వాసనతోనే తెలియును.) ఆ వాయువును గంధకామ్లములోనికి పంపగా అమోనియం సల్ఫేటు ఏర్పడును, అందు నత్రజని నూటికి 21 పాళ్లు. అయితే వెంట హైడ్రొజన్ సల్ఫైడు లేచి గాలి కంపుకొట్టెడిది. అందుచేత 1881లో బ్రిటిషు చట్టము ఈ కర్మాగారములను తనిఖీ క్రిందికి తెచ్చెను. గాలిలోని నత్రజనినుండి అమోనియా చేయుట జర్మనీలోని ఓపావులో ఆరంభమైనది 1913లోనే.