ఒప్పందం ముగిసిన తరువాత: సియెర్రా లియోన్ అంతర్యుద్ధంలో ప్రైవేటు సైనిక కంపెనీ పాత్ర

డబ్బు తీసుకుని పరాయి దేశపు యుద్ధంలో పోరాడేవారు చరిత్రకు కొత్త కాకపోయినా, ప్రచ్ఛన్న యుద్ధం ముగిసిన తరువాత ఆ వృత్తి వ్యాపార సంస్థ రూపం ధరించింది. చట్టప్రకారం రిజిస్టరై, ప్రభుత్వాలతోనో గనుల, చమురు కంపెనీలతోనో రాతపూర్వక ఒప్పందం కుదుర్చుకుని, సైనిక శిక్షణ, రవాణా, కాపలా మొదలు ప్రత్యక్ష పోరాటం దాకా సేవలు అమ్మే సంస్థను ప్రైవేటు సైనిక కంపెనీ అంటారు. ఇటువంటి కంపెనీ యుద్ధంలో గెలవగలదని సియెర్రా లియోన్ అనుభవం చూపింది. ఆ గెలుపు ఒప్పందపు గడువు దాటి నిలవదని కూడా అదే అనుభవం చూపింది. ఈ రెంటికీ మూలం ఒకటేనని, కంపెనీ బాధ్యత సొమ్ము చెల్లించేవారి వద్దే ఆగిపోవడమే ఆ మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

యుద్ధరంగంలో విజయం

1991 మార్చిలో ఫొదే సాంకో నాయకత్వాన రివల్యూషనరీ యునైటెడ్ ఫ్రంట్ లైబీరియా సరిహద్దు దాటి వచ్చి మొదలుపెట్టిన తిరుగుబాటు, 1995 నాటికి రాజధాని ఫ్రీటౌన్ పొలిమేరలకు చేరింది. ఆ ఏడాది జనవరిలో రూటైల్, బాక్సైట్ గనులు తిరుగుబాటుదారుల వశం కావడంతో ఖజానాకు ప్రధాన ఆదాయం ఆగిపోయింది. పగలు సైనికులుగా, రాత్రి దోపిడీదారులుగా తిరిగే సిపాయిలను జనం ‘సోబెల్’ అని పిలిచే స్థితిలో, 1992లో అధికారం చేజిక్కించుకున్న వాలెంటైన్ స్ట్రాసర్ సైనిక ప్రభుత్వం సొంత సైన్యంపై నమ్మకం కోల్పోయి బయటివారి సాయం కోరింది. మొదట వచ్చిన గూర్ఖా సెక్యూరిటీ గార్డ్స్ సంస్థ, దాని దళనాయకుడు 1995 ఫిబ్రవరిలో హతుడైన తరువాత వెనుదిరిగింది.

ఆ స్థానంలోకి దక్షిణాఫ్రికాకు చెందిన ఎగ్జిక్యూటివ్ అవుట్‌కమ్స్ వచ్చింది. వర్ణవివక్ష ప్రభుత్వపు సైన్యంలో పనిచేసిన ఈబెన్ బార్లో 1989లో దీన్ని స్థాపించగా, అంగోలా ప్రభుత్వం తరఫున యునిటా తిరుగుబాటుదారులతో పోరాడి ఇది పేరు పొందింది. సుమారు 200 మంది సిబ్బందితో, పోరాట హెలికాప్టర్ల అండతో ఈ కంపెనీ కొద్ది వారాల్లోనే ఫ్రీటౌన్ పరిసరాల నుంచి తిరుగుబాటుదారులను తరిమి, ఆ పైన వజ్రాల జిల్లా కోనోను స్వాధీనం చేసుకుంది. నిర్వాసితులు కొందరు ఊళ్లకు తిరిగి రాగలిగారు. 1996 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎన్నికలు జరిగి అహ్మద్ తేజాన్ కబ్బా అధ్యక్షుడయ్యారు. ప్రాణభయంతో బతుకుతున్న జనానికి కలిగిన ఈ ఊరటను తక్కువ చేసి చెప్పడం న్యాయం కాదు.

మూల్యం, పర్యవసానం

సుమారు 21 నెలల సేవకు 3.5 కోట్ల డాలర్ల ఖర్చని అంచనా వేసిన ఈ ఒప్పందపు సొమ్మును పేద ప్రభుత్వం సకాలంలో చెల్లించలేకపోయింది. కంపెనీతో సంబంధాలున్నట్టు పరిశోధకులు గుర్తించిన బ్రాంచ్ ఎనర్జీకి కోయిడు వజ్రాల గని హక్కులు దక్కాయి. అంటే ఒక తరానికి చెందిన ఆపదను తొలగించడానికి రాబోయే తరాల సంపదపై ఒడంబడిక జరిగింది. దాన్ని ప్రశ్నించే ఎన్నికైన సభ ఆనాడు లేదు.

అంతకంటే తీవ్రమైన పరిణామం సైన్యం విషయంలో తలెత్తింది. కంపెనీ కమజోర్లనే సంప్రదాయ వేటగాళ్ల దళాలకు శిక్షణనివ్వగా, వారికి ప్రాధాన్యం పెరిగేకొద్దీ జాతీయ సైన్యంలో అసంతృప్తి ముదిరింది. విదేశీ కిరాయి దళాల నిష్క్రమణను షరతుగా చేర్చిన అబిజాన్ శాంతి ఒప్పందంపై 1996 నవంబరు 30న సంతకాలు జరిగాయి. 1997 జనవరిలో కంపెనీ వెళ్లిపోయింది. మే 25న సైన్యమే కబ్బాను కూలదోసి, తిరుగుబాటుదారులను ప్రభుత్వంలోకి ఆహ్వానించింది. 1998లో పశ్చిమాఫ్రికా దేశాల దళాలు ఆయనను తిరిగి పదవిలో కూర్చోబెట్టినా, 1999 జనవరిలో ఫ్రీటౌన్‌పై జరిగిన దాడిలో వేలమంది మరణించారు.

కంపెనీని కొనసాగించి ఉంటే ఈ ఘోరం తప్పేదన్న వాదన ఉంది. అందులో కొంత నిజమున్నా, దేశ రక్షణ శాశ్వతంగా అద్దెకే నడవాలన్నది దాని తాత్పర్యం. చివరికి గరిష్ఠంగా 17,500 మంది సైనికులతో పనిచేసిన ఐక్యరాజ్యసమితి దళం, బ్రిటిష్ సైన్యపు జోక్యం, నిరాయుధీకరణ, సైన్య పునర్నిర్మాణం కలిస్తేనే 2002 జనవరిలో యుద్ధం ముగిసింది. ఆ దళంలోని భారత సైనికులు కైలాహున్‌లో రెండు నెలలకు పైగా ముట్టడిలో చిక్కుకుని, 2000 జూలైలో ఆపరేషన్ ఖుక్రీ ద్వారా బయటపడ్డారన్న సంగతి, శాంతి స్థాపనకు అయిన శ్రమను తెలుపుతుంది.

చట్టంలోని వెలితి

జెనీవా ఒప్పందాల 1977 నాటి మొదటి అదనపు ప్రోటోకాల్‌లోని 47వ అధికరణం ప్రకారం, ఒక వ్యక్తి కిరాయి సైనికుడు కావాలంటే స్వలాభాపేక్ష, పరాయి పౌరసత్వం, పోరాటంలో ప్రత్యక్షంగా పాల్గొనడం వంటి ఆరు షరతులూ ఒకేసారి వర్తించాలి. స్థానిక సైన్యంలో సభ్యుడిగా చేర్చుకుంటే చాలు, అతడు ఆ నిర్వచనం నుంచి జారిపోతాడు. కిరాయి సైనికులపై 1989లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 2001లో గాని అమలులోకి రాలేదు. అమెరికా, బ్రిటన్, రష్యా, చైనా అందులో చేరలేదు. దేశాల బాధ్యతలను వివరించిన 2008 మాంత్రూ పత్రానికి చట్టపరమైన నిర్బంధం లేదు.

ఈ వెలితి ఫలితాలు తరువాతి కాలంలోనూ కనిపించాయి. 2007 సెప్టెంబరు 16న బాగ్దాద్‌లోని నిసూర్ కూడలిలో బ్లాక్‌వాటర్ సిబ్బంది కాల్పుల్లో 17 మంది ఇరాకీ పౌరులు మరణించగా, విదేశీ కాంట్రాక్టర్లకు 2004లో దక్కిన రక్షణ వల్ల ఇరాక్ న్యాయస్థానాలు వారిని విచారించలేకపోయాయి. 2014లో అమెరికా న్యాయస్థానం దోషులుగా తేల్చిన నలుగురికి 2020లో అధ్యక్షుడు క్షమాభిక్ష ప్రసాదించారు. రష్యాకు చెందిన వాగ్నర్ దళం మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో ప్రభుత్వానికి రక్షణనిస్తూ, బంగారు గనుల్లో పాగా వేయడం కోయిడు నమూనా విస్తరణే.

ముగింపు

దక్షిణాఫ్రికా 1998లో విదేశీ సైనిక సహాయ నియంత్రణ చట్టం చేసిన కొద్దికాలానికే ఎగ్జిక్యూటివ్ అవుట్‌కమ్స్ మూతపడింది. స్వదేశం తలచుకుంటే ఈ వ్యాపారాన్ని అదుపు చేయవచ్చని దీనివల్ల స్పష్టమవుతుంది. కాబట్టి నియంత్రణకు మూడు కనీస నియమాలు అవసరం: ప్రతి ఒప్పందం చట్టసభ ముందుకు రావాలి, ప్రతిఫలంగా గనుల హక్కులు ఇవ్వరాదు, సిబ్బంది నేరాలను కంపెనీ స్వదేశం తప్పనిసరిగా విచారించాలి. ప్రాణాపాయంలో ఉన్న ప్రభుత్వం బయటి బలాన్ని ఆశ్రయించడం అర్థం చేసుకోదగినదే. అయితే ఆ బలం ఉన్న కాలంలోనే ప్రజలకు జవాబు చెప్పే సొంత సైన్యాన్ని నిర్మించుకోకపోతే, ఒప్పందం ముగిసిన నాడు మూల్యం చెల్లించేది సంతకం చేసినవారు కాదు, సామాన్య పౌరులు.