మున్నారు తేయాకు కొండలు: రాతిపలకలపై లేని చరిత్ర

కేరళ రాష్ట్రములోని ఇడుక్కి జిల్లాలో, సముద్రమట్టమునకు సుమారు 1,600 మీటర్ల ఎత్తున మున్నారు అను చిన్న పట్టణము ఉన్నది. ముదిరప్పుళ, నల్లతణ్ణి, కుండల అను మూడు ఏరులు అచ్చట కలియుటచేత దానికి ఆ పేరు వచ్చినది. దక్షిణ భారతదేశములో మిక్కిలి ఎత్తైన ఆనముడి శిఖరము (2,695 మీటర్లు) దీనికి సమీపముననే కలదు. అరేబియా సముద్రము మీదుగా వచ్చు నైరుతి ఋతుపవనములు ఈ కొండలకు తగిలి, పైకి లేచి చల్లబడుటవలన, మబ్బులు నేలమీదికి దిగి వచ్చినట్లు కనబడును. పది అడుగుల దూరములో నడచు మనిషి కూడ మంచులో మాయమగుట అక్కడ సామాన్యమైన సంగతి.

విహారమునకు వెళ్లినవారు ఆ కొండల పచ్చదనమును చూచి, ప్రకృతి సౌందర్యమని మురియుదురు. అయితే ఆ పచ్చదనములో చాలా భాగము మనుష్యులు చేతులతో నాటినది. నూటయేబది సంవత్సరముల క్రిందట అక్కడ కొండలపైన గడ్డి, లోయలలో షోలా అడవులు ఉండెడివి. ముతువాన్ అను గిరిజనులు అడవి మీద ఆధారపడి జీవించెడివారు. తమ పూర్వులు మధుర ప్రాంతమును విడిచి, బిడ్డలను వీపున మోసికొని ఈ కొండలు ఎక్కినారని వారు చెప్పుకొందురు.

1877లో జాన్ డేనియల్ మన్రో అను దొర పూంజార్ రాజవంశము నుండి ఈ కన్నన్ దేవన్ కొండలను కౌలుకు పొందినాడు. అటు తరువాత తోటల యజమానులు కాఫీ, సింకోనా, ఏలకులు వేసి చూచినారు. 1880లో ఎ.హెచ్. షార్ప్ అను ఆయన పార్వతి అను చోట సుమారు 50 ఎకరములలో తేయాకు నాటినాడు. 1895లో ఫిన్లే కంపెనీ వచ్చినది. 1897లో కన్నన్ దేవన్ హిల్స్ ప్రొడ్యూస్ కంపెనీ ఏర్పడి, చిన్న చిన్న తోటలను ఒకటిగా చేర్చినది.

మన్రో కౌలు పొందిన 1877వ సంవత్సరము మన తెలుగు క్రైస్తవులకు పరిచయమైన సంవత్సరమే. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో చాలా భాగమును మహా కరవు పీడించినది. ఒంగోలు ప్రాంతములో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పని పట్టి ఆకలిగొన్న వారికి కూలి ఇచ్చినది, 1878 జూలై 3వ తేదీన ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందినది ఈ దినములలోనే. ఇట్టి ఆకలి, అప్పు, భూమిలేనితనమే తరువాతి దశాబ్దములలో తమిళ పల్లెల బీదలను తేయాకు కొండలు ఎక్కించినవి. వారిలో ఎక్కువమంది దళితులు. కంగాణి అనబడు మేస్త్రీ ఊరికి వచ్చి అడ్వాన్సు ఇచ్చి, కుటుంబములను కొండకు తీసికొనిపోయెడివాడు. అడ్వాన్సు తీసికొని పని విడిచిన కూలిని శిక్షించు చట్టము బ్రిటిషు ఇండియాలో 1859లోనే చేయబడినది. మన కోస్తా జిల్లాల వారు మేస్త్రీల వెంట బర్మాకు ఓడలెక్కిన కథయు ఇటువంటిదే.

తేయాకు పని బయటికి సులభముగా కనబడును గాని అట్టిది కాదు. విడిచిపెట్టినచో చెట్టుగా ఎదిగిపోవు మొక్కను నడుము ఎత్తున ఉండునట్లు కత్తిరించుచుండవలెను. కొనకొమ్మన ఉన్న రెండు లేత ఆకులు, ఒక మొగ్గ మాత్రమే త్రుంచవలెను. స్త్రీలు వానలో, జలగల మధ్య, ఏటవాలు నేలపై నిలిచి ఈ పని చేయుదురు. కోసిన ఆకు ఆ దినమే ఫ్యాక్టరీకి చేరవలెను. అక్కడ దానిని వాడబెట్టి, నలిపి, పులియబెట్టి, వేడిగాలికి ఆరబెట్టిన పిమ్మట మన గిన్నెలలోని టీపొడి అగును.

సరుకును కొండ దింపుటకు 1902లో ఎద్దులు లాగెడి ఒంటిపట్టా రైలును, 1908లో దానికి బదులు రెండడుగుల వెడల్పుగల చిన్న రైలుమార్గమును వేసినారు. అది మున్నారు నుండి టాప్ స్టేషను వరకు పోయెడిది. అక్కడనుండి తేయాకు పెట్టెలు త్రాటిమార్గమున తమిళదేశపు వైపు దిగెడివి. 1924 జూలైలో వచ్చిన మహా వరదకు ఆ రైలుమార్గము కొట్టుకొనిపోయినది. మరల వేయలేదు. కొల్లం శకము 1099లో వచ్చుటచేత, మలయాళీలు దానిని నేటికిని తొంబదితొమ్మిది వరద అందురు.

ఆ కొండమీద మన దక్షిణ ఇండియా సంఘమునకు చెందిన క్రైస్ట్ చర్చి ఉన్నది. సాధారణముగా గుడి ముందు, సమాధుల తోట తరువాత వచ్చును. ఇక్కడ సమాధియే ముందు వచ్చినది. 1894 డిసెంబరులో ఒక తోట అధికారి భార్య, ఎలినార్ ఇసబెల్ మే అను యువతి, కలరా సోకి మరణించగా ఆ కొండమీద పాతిపెట్టినారు. రాతి దేవాలయము 1910లో ఆరంభమైనది. లోపల గోడలపై తోటల దొరల జ్ఞాపకార్థము పలకలు ఉన్నవి. ఇప్పుడక్కడ తమిళములోను మలయాళములోను ఆరాధనలు జరుగుచున్నవి. దొరల పలకల క్రింద కూర్చుండి ఆరాధించువారిలో తోట కూలీల సంతానము ఉన్నారు. వారి తాతముత్తాతల పేర్లు మాత్రము ఏ పలకమీదను లేవు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1951లో తోట కార్మికుల చట్టము వచ్చి, ఇల్లు, వైద్యము, బిడ్డల సంరక్షణ యజమాని బాధ్యతయని చెప్పినది. 1964లో టాటాలు ఫిన్లేతో చేరినారు. 2005లో కార్మికులకు వాటాలుగల కొత్త కంపెనీ ఏర్పడినది. అయినను కార్మికులు నివసించు వరుస ఇళ్లు, అనగా లయములు, కంపెనీవే. పని విరమించినవారు ఇల్లు ఖాళీ చేయవలెను. అందుచేత ఇల్లు నిలుపుకొనుటకై కుమార్తెయో కోడలో అదే తోటలో చేరుట ఆచారమైపోయినది. 2015 సెప్టెంబరులో దినకూలి 232 రూపాయలు ఉండగా, బోనసు తగ్గించినందుకు వేలాది స్త్రీలు, యూనియను నాయకులను ప్రక్కకు నెట్టి, రహదారిపై కూర్చున్నారు. తొమ్మిది దినములలో వారు కోరిన 20 శాతము సాధించినారు.

2020 ఆగస్టు 6వ తేదీ రాత్రి, రాజమల దగ్గర పెట్టిముడి అను చోట వానకు కొండ విరిగి లయములమీద పడినది. 70 మంది మరణించినారు. వారిలో నలుగురి దేహములు దొరకనే లేదు. విద్యుత్తు, ఫోను లేకపోవుటచేత ఆ వార్త తెల్లవారిన పిమ్మటగాని బయటికి తెలియలేదు. ఎన్నో తరములు ఆ కొండను పచ్చగా ఉంచినవారికి దానిపై సొంతముగా ఒక సెంటు భూమి లేకపోయెనన్న మాట అప్పుడు దేశమంతయు వినినది.

ఈ సంగతులను మన శతాబ్ది సంచికలో వ్రాయుటకు కారణమున్నది. మన దేవాలయముల గోడలమీద కూడ పలకలు ఉన్నవి. కట్టించినవారి పేర్లు వాటిమీద చదువగలము. రాళ్లు మోసినవారు, సున్నము నూరినవారు, పిడికెడు బియ్యము తెచ్చి కానుక వేసినవారు ఎవరో చెప్పగల పెద్దలు ప్రతి సంఘములోను ఇంకను ఒకరిద్దరు ఉందురు. పాత బాప్తిస్మ రిజిస్టర్లు, సమాధి రిజిస్టర్లు చెదలు పట్టకముందే ప్రతి పాస్టరేటులో యువకులు వాటికి నకళ్లు తీయవలెను. ఆ పెద్దల వద్ద కూర్చుండి వారు చెప్పినది వ్రాసికొనవలెను. ఆ పేర్లు ఒక్కసారి పోయినచో తరువాత ఎంత ధనము వెచ్చించినను తిరిగి రావు.