వాడలో ఇంటికి ధర కట్టేదెవరు?

ఊళ్లో ఇల్లు అమ్మాలంటే నలుగురిని అడుగుతారు. పక్కిల్లు ఎంతకు పోయింది, రోడ్డు ఎంత వెడల్పు, నీళ్లున్నాయా, కాగితాలు సరిగ్గా ఉన్నాయా? ఈ లెక్కల మీద ఓ ధర తేలుతుంది. దీన్నే మార్కెట్ అంటున్నారు. మాలపల్లెలో, మాదిగవాడలో, ఊరికి దూరంగా కట్టించిన కాలనీలో ఈ లెక్క ఎందుకు నడవదు? ఇటుక అదే, సిమెంటు అదే. అయినా వాడ దాటి బజార్లోకి రాగానే గజం ధర మారిపోతుంది. 'ఏరియాని బట్టి' అని కొట్టిపారేస్తారు. ఏరియా ఆకాశం నుంచి ఊడిపడలేదు. దానికో చరిత్ర ఉంది.

బ్రిటిష్ పాలనలోని మద్రాసు రాష్ట్రంలో చాలాచోట్ల కూలీల గుడిసెలు భూస్వామి నేల మీద ఉండేవి. గోడ కూలిది, నేల ఆసామిది. కూలి పెంచమంటే గుడిసె పీక్కోమనేవాడు. ఇల్లు అక్కడ ఆస్తి కాదు, మనిషిని కట్టేసే గుంజ. 1919-20లో అణగారిన కులాల బాగోగులు లేబర్ కమిషనర్‌కి అప్పగించాక, ఇంటిస్థలాలు సేకరించి ఇచ్చే పని మొదలైంది. స్థలం ఊరికే రాలేదు. సహకార సంఘాలు పెట్టించి, సేకరణ ఖర్చుని వాయిదాల్లో రాబట్టారు. సర్కారు లెక్కల్లోకి ఎక్కిన వాడ నేల తొలి ధరల్లో ఇదొకటి. చెల్లించింది కూలి, అందుకున్నది భూస్వామి.

స్వాతంత్ర్యం తర్వాత లెక్క మారింది. 1975 నాటి ఇరవై సూత్రాల కార్యక్రమం ఇంటిస్థలాల పంపిణీని ముందుకు తెచ్చింది. 1985-86లో షెడ్యూల్డు కులాలు, తెగలు, విడుదలైన వెట్టి కూలీల కోసం ఇందిరా ఆవాస్ యోజన మొదలైంది. ఈసారి స్థలం ధర సున్నా. ఆ సున్నాకి తోకలా ఓ షరతు: అమ్మకూడదు. 1977లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూముల (బదిలీ నిషేధ) చట్టం సాగు భూమితో పాటు ఇంటిస్థలానికీ వర్తించింది. అమ్మితే చెల్లదు, రిజిస్ట్రేషన్ కాదు. 2007లో రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఏ సెక్షన్ కొత్తగా రాసి, నిషేధిత ఆస్తుల జాబితాలు రిజిస్ట్రేషన్ ఆఫీసులకి పంపే ఏర్పాటు చేశారు.

ఈ నిషేధాన్ని తేలిగ్గా తిట్టేయలేం. అది లేకపోతే అప్పుల కింద, పెళ్లి ఖర్చుల కింద పట్టాలు ఎప్పుడో చేతులు మారేవి. కానీ నిషేధం అమ్మకాన్ని పూర్తిగా ఆపలేకపోయింది, ధరని మాత్రం తగ్గించింది. ఆస్పత్రికి డబ్బు కావాల్సినోడు తెల్లకాగితం మీద రాసిస్తాడు. చెల్లని కాగితం కొంటున్నానంటూ కొనేవాడు ధర కోసేస్తాడు. టౌను పెరిగి కాలనీని తాకిన రోజున, పలుకుబడి ఉన్నోడు ఆ స్థలాన్ని సరిచేయించుకుంటే పూర్తి ధర అతనిది. ప్రమాదం పేరు చెప్పి మన దగ్గర కోసిందే, ప్రమాదం తీరాక అతని లాభం అవుతుంది.

2019 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన సవరణలు, నిర్ణీత గడువు దాటిన ఇంటిస్థలాన్ని అమ్ముకునే వీలిచ్చాయి. మంచిదే. అయితే కాగితం సరైతే ధర సరవుతుందా? ధర నిలబడాలంటే కొనేవాళ్లు పదిమంది ఉండాలి. వాడలో ఇంటికి బయటి కులాలవాళ్లు కాపురానికి రారు. కొంటే పడగొట్టి షాపు కట్టడానికో, గోడౌనుకో కొంటారు. ఉండటానికి కొనేది మన చుట్టమే, అతని చేతిలో ఎంతుంటే అదే ధర.

ఇంకో వైపు కూడా చూడాలి. అమ్మినాక ఎక్కడ కొంటాం? ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోవడాన్ని, కొనడాన్ని, అందులో ఉండడాన్ని అంటరానితనం పేరుతో అడ్డుకోవడం 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం ప్రకారం నేరం. కానీ అడ్డుకునేవాడు కులం పేరెత్తడు. 'ఇప్పుడే వేరేవాళ్లకి మాటిచ్చాం' అంటాడు. 2005లో అహ్మదాబాద్‌లోని పార్సీల గృహనిర్మాణ సహకార సంఘం కేసులో, సభ్యత్వం తమవాళ్లకే అనే నిబంధనని సుప్రీంకోర్టు సమర్థించింది. అది ఓ చిన్న మైనారిటీ సంఘం కేసే. అయినా ఆ తర్కాన్ని బలిసిన కులాల కాలనీలు వాడుకుంటే దళితుడు కొనగలిగే ఊరు ఇంకా కుంచించుకుపోతుంది.

ఇంటికి ప్రాణభద్రత లేకపోతే ధరన్న మాటే లేదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలని చంపాక, ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాలకి తరలివచ్చారు, అక్కడే స్థలాలు అడిగి నిలబడ్డారు. వదిలొచ్చిన ఇంటిని ఏ మార్కెట్ లెక్క కడుతుంది?

సర్కారే కొనేవాడైనప్పుడు అసలు పరీక్ష. అసైన్డ్ భూమి వెనక్కి తీసుకుంటే నామమాత్రం ఎక్స్‌గ్రేషియాతో సరిపెట్టే పద్ధతి ఉండేది. పట్టాదారులతో సమానంగా అసైనీలకి మార్కెట్ విలువ ఇవ్వాలని 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చింది. 2013 భూసేకరణ చట్టం అసైన్డ్ భూములవాళ్లనీ యజమాని నిర్వచనంలో చేర్చింది. అయినా అమరావతి ల్యాండ్ పూలింగ్‌లో అసైన్డ్ భూములకి తిరిగిచ్చే ప్లాట్లు పట్టా భూములకంటే తక్కువగా పెట్టారు. పైగా 2013 చట్టం ప్రకారం విలువ తేల్చేది స్టాంపు చట్టం కింది ధరతోనో, చుట్టుపక్కల గత మూడేళ్ల రిజిస్టర్డ్ అమ్మకాలతోనో. రిజిస్ట్రేషన్ కూడదన్న చోట రిజిస్టర్డ్ అమ్మకాలు ఎక్కణ్నుంచి వస్తాయి? ముందు అమ్మొద్దన్నారు, ఆ తర్వాత అమ్మిన దాఖలా చూపించమంటున్నారు.

కాబట్టి వాడల్లో పనిచేసేవాళ్లు, చదువుకునే పిల్లలు, టీచర్లు ఓ పని చేయాలి. ప్రతి వాడకీ పట్టా ఏ సంవత్సరానిది, ఏ షరతులతో ఇచ్చారు, 22-ఏ జాబితాలో ఉందా, రిజిస్ట్రేషన్ ఆఫీసులో వాడ విలువ ఎంత, వంద గజాల అవతల ఊరి వీధి విలువ ఎంత అన్నవి పక్కపక్కన రాసిపెట్టాలి. భూసేకరణ నోటీసు వచ్చాక వెతికితే ఆలస్యమవుతుంది. సర్కారు కట్టిన ధరకి అభ్యంతరం రాయాల్సిన రోజున చేతిలో ఉండాల్సింది ఆ కాగితమే.