దారుగృహము – చరిత్రసాక్ష్యము

చరిత్రరచనకు శాసనములు, నాణెములు, వ్రాతప్రతులు ఆధారములని మనమందఱము అంగీకరింతుము. నివాసగృహమును గూడ అట్టి యాధారముగా గ్రహింపవచ్చునా యన్నచో మాత్రము సందేహింతుము. అందును కొయ్యయిల్లు చెదలకును, నిప్పునకును, క్రొత్తదనముపై మోజునకును సులభముగా లోనగునది. ఈ విషయమును విచారించుటకు మేము అమెరికాలోని సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున, ఫ్రాంక్లిన్ వీథిలోనున్న హాస్–లిలియెంతాల్ గృహమును ఉదాహరణముగా గైకొనుచున్నాము.

ఈ గృహమును 1886లో విలియం హాస్ కట్టించెను. ఈతడు జర్మనీలోని బవేరియానుండి వలసవచ్చిన యూదు వర్తకుడు. కిరాణా సరకుల టోకు వ్యాపారమున ధనమార్జించినవాడు. గృహమును రూపొందించినవాడు పీటర్ ష్మిట్ అను వాస్తుశిల్పి. గుండ్రని బురుజు, నిట్రముగా లేచిన పైకప్పు, ఒక ప్రక్కకు మఱియొక ప్రక్క పోలని ముఖభాగము – ఇవి ‘క్వీన్ ఆన్’ శైలికి లక్షణములు. విక్టోరియా రాణి (1837–1901) ఏలినది బ్రిటిషు సామ్రాజ్యమునే యైనను, ఆమె కాలపు అమెరికా యిండ్లకును ఆమె పేరే వాడుకయైనది.

ఇట్టి యిండ్ల యలంకారములు ఆవిరియంత్రపు మిల్లులలో కోయబడినవనియు, వానియందు శిల్పి స్వహస్తము లేదనియు ఒక యాక్షేపణ కలదు. అది కొంతవఱకు సత్యమే. కాని కళావిమర్శకునకు లోపమైనది చరిత్రకారునకు సాక్ష్యము కావచ్చును. ఒకప్పుడు మిక్కిలి ధనవంతులకే లభించిన చెక్కడపు పనిని యంత్రము మధ్యతరగతి వాకిటికి గూడ తెచ్చెనని ఆ కొయ్యయే చెప్పుచున్నది. ఆ కొయ్య రెడ్‌వుడ్ అను వృక్షమునది. చెదలకును కుళ్లునకును ఓర్చునదగుటచే కాలిఫోర్నియా తీరమున దానినే విరివిగా వాడిరి. నఱుకుడునకు పూర్వము సుమారు 20 లక్షల యెకరములుండిన ఆ ప్రాచీనారణ్యములో నేడు మిగిలినది నూటికి అయిదు వంతులు మాత్రమే. కావున ఇట్టి యింటి పలకలు నగరాభివృద్ధికే గాక, అరణ్యనాశమునకును సాక్షులు.

1906 ఏప్రిల్ 18వ తేదీ భూకంపమును, పిదప మూడు దినములు చెలరేగిన అగ్నియు సుమారు 28,000 కట్టడములను నాశనము చేసెను. గట్టినేలపై నున్న కొయ్యయిండ్లు కంపమునకు కొంత వంగి తట్టుకొనినవి. వాని యసలు శత్రువు నిప్పు. విశాలమైన వాన్ నెస్ వీథియొద్ద ఇండ్లను ప్రేల్చివేసి మంటను చాలవఱకు ఆపగల్గిరి. ఆ వీథికి పడమట ఒక్క వీథి యవతల నున్నది గావున ఈ గృహము నిలిచినది.

అదే కారణమున వాన్ నెస్‌కు పడమటనున్న ‘వెస్టర్న్ అడిషన్’ పేటలోని వేలకొలది కొయ్యయిండ్లును నిలిచినవి. కాలక్రమమున అవి జపాను సంతతివారికిని, 1942లో వారిని నిర్బంధశిబిరములకు తరలించిన పిదప నల్లజాతివారికిని నివాసములయ్యెను. 1950, 1960 దశాబ్దములలో నగరపునరుద్ధరణ పేరిట ఆ యిండ్లను పెక్కింటిని కూల్చిరి. వేలకొలది కుటుంబములు చెదరిపోయెను. నిప్పు విడిచిన దానిని నగరమే తన చేతులతో చెఱిపికొనెను. ఈ వినాశమును చూచిన పౌరులు 1971లో ‘సాన్‌ఫ్రాన్సిస్కో ఆర్కిటెక్చరల్ హెరిటేజ్’ అను సంస్థను స్థాపించిరి. 1972లో విలియం హాస్ కుమార్తె ఆలిస్ లిలియెంతాల్ మరణించిన పిదప, ఆమె వారసులు ఈ గృహమును సామగ్రితో గూడ ఆ సంస్థకే దానమిచ్చిరి. 1973లో ఇది జాతీయ చారిత్రకస్థలముల పట్టికలో చేరినది.

ఒకే కుటుంబము 86 సంవత్సరములు నివసించుటచే ఈ యింట గదులును, గృహోపకరణములును చెదరక నిలిచినవి. 1920 దశాబ్దపు చివర చేర్చిన మోటారుబండి కొట్టు, దానిపై గదులు గూడ తొలగింపదగినవి కావని మా యభిప్రాయము. వ్రాతప్రతి యంచున తరువాతివారు వ్రాసిన టిప్పణమువలె, అవి యింటి జీవితకథలో భాగములు.

అయినను ఒక హెచ్చరిక యవసరము. ఒక్క ప్రతి మాత్రమే దొరికిన కావ్యమును పరిష్కరించువాడు, నశించిన ప్రతులన్నియు దానివంటివే యని తలపరాదు. ఇచ్చట మిగిలినది ధనికుని ప్రతి. కొలది దూరమున కూలిన యిండ్లలో అద్దెకుండినవారి వంటగదులు, వారి గోడలు మనకు లేవు. ఈ గృహమును పదిలపఱచుట సముచితమే; కాని దాని ప్రక్కన లేనివానిని గూడ స్మరించి చదివిననే అది సంపూర్ణమగు సాక్ష్యమగును. భద్రపఱచుట ఎంత ముఖ్యమో, ఏది భద్రపఱుపబడలేదో, ఏల పఱుపబడలేదో విచారించుటయు అంతే ముఖ్యమని మేము భావించుచున్నాము.