యతీము పొలానికి కావలి

మదీనాలో ప్రవక్త మసీదు లేచిన నేల ఇద్దరు యతీములది, అంటే తండ్రి లేని పిల్లలది. సహల్, సుహైల్ అనే అన్నదమ్ములు ఖర్జూరాలు ఆరబోసుకునే కళ్లం అది. ఊరికే ఇస్తామని వాళ్లు ముందుకొచ్చినా ప్రవక్త ఒప్పుకోలేదు, వెల కట్టి కొన్నారని హదీసు గ్రంథాలు చెబుతాయి. ఆయనా యతీమే. పుట్టకముందే తండ్రి పోయారు, ఆరేళ్లకు తల్లి, ఎనిమిదేళ్లకు తాతగారు. తండ్రి లేని పిల్లల సొమ్ము ఎలా కరిగిపోతుందో ఎవరూ ఆయనకు చెప్పనక్కర్లేదు.

ప్రత్యేక సంచికల్లో మసీదుల చరిత్ర, మదరసాల చరిత్ర రాసుకుంటాం. రాసుకోవాల్సిందే. అయితే ఏ మసీదు కమిటీ పుట్టకముందు నుంచీ మన ఇళ్లలో నడుస్తున్న ఇంకో వ్యవస్థ ఉంది. అది యతీము ఆస్తికి వలీగా, అంటే సంరక్షకుడిగా ఉండడం. దొర్నిపాడు, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల పల్లెల్లో ఆస్తి అంటే ముందు నేలే కాబట్టి మన దగ్గర ఈ వ్యవస్థ చరిత్ర చాలావరకు పొలాల చరిత్రే.

ఖురాన్‌లోని నిసా అధ్యాయం మొదట్లోనే ఈ సంగతి వస్తుంది. యతీముల మంచి సొమ్ము తీసుకుని బదులుగా చెడ్డది అంటగట్టవద్దని ఆదేశం. ఆ రోజుల్లో కొందరు సంరక్షకులు మందలోంచి బలిసిన గొర్రెను తీసుకుని బక్కదాన్ని తోలి, గొర్రెకు గొర్రె సరిపోయిందనేవారట. వ్యాఖ్యాతలు చెప్పిన ఈ ఉదాహరణ మన రైతుకు ఇట్టే అర్థమవుతుంది. కాలువ నీరు పారే చేను చనిపోయిన తమ్ముడి భాగం, ఎగువన రాళ్ల మెట్ట అన్న భాగం అనుకోండి. పిల్లలు చిన్నవాళ్లని, సేద్యం చూసుకోలేరని, గట్లు సర్దుకునే పేరుతో రెండూ తారుమారవుతాయి. పాసుపుస్తకంలో ఎకరాలు తగ్గవు. తగ్గేది పిల్లల బతుకు.

అదే అధ్యాయంలో యతీముల సొమ్ము అన్యాయంగా తినేవారు కడుపులో నిప్పు నింపుకుంటున్నారన్న హెచ్చరిక ఉంది. అది విని మదీనాలో సంరక్షకులు ఎంత భయపడ్డారంటే, పిల్లల అన్నం వేరే, తమ అన్నం వేరే వండించారు. పిల్లవాడు తినగా మిగిలింది ఎవరూ ముట్టక పాచిపోయేది. వాళ్లు ప్రవక్త దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నాక, కలిసి తినవచ్చు, వాళ్లు మీ సోదరులే అన్న అనుమతి వచ్చిందని హదీసు చెబుతుంది. పొయ్యి ఒకటే కావచ్చు, లెక్క మాత్రం వేరు. ఈ ధర్మమంతటిలో నా మనసుకు బాగా దగ్గరైనది ఇదే. పిల్లవాడు ఇంట్లో పరాయివాడు కాకూడదు, వాడి ఆస్తి ఇంటి ఆస్తిలో కలిసిపోకూడదు.

అందుకే వలీ చేతిలో విడిగా ఒక నోటుపుస్తకం ఉండాలి. ఎవరికి ఎంత కౌలుకిచ్చారు, సెనగ ఎన్ని బస్తాలు అయింది, ఏ ధరకు అమ్మారు, బడి ఫీజు ఎంత, రంజానుకు బట్టలెంత అన్నీ తేదీలతో రాయాలి. ఉన్నవాడైతే తన కష్టానికి ఏమీ తీసుకోకూడదు, లేనివాడు న్యాయమైనంత తీసుకోవచ్చు అని ఖురాన్ అంటుంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 22వ సెక్షను కూడా సంరక్షకుడికి తగిన భత్యం నిర్ణయించే అధికారాన్ని కోర్టుకు ఇచ్చింది. ఇక సొమ్మును కదల్చకుండా దాచి ఉంచడం కూడా కాపాడడం కాదు. యతీముల సొమ్మును వ్యాపారంలో తిప్పమని హజ్రత్ ఉమర్ సలహా ఇచ్చినట్టు ఇమాం మాలిక్ హదీసు గ్రంథం మువత్తాలో ఉంది. చేనును ఏళ్ల తరబడి బీడు పెట్టిన వలీ ఒక్క రూపాయి తినకపోయినా పిల్లలకు నష్టం చేసినట్టే.

వలీ ఎవరు? మనం పాటించే హనఫీ పద్ధతిలో ముందు తండ్రి, తర్వాత తండ్రి వీలునామాతో నియమించినవాడు, ఆ తర్వాత దాదా (తండ్రి తండ్రి), దాదా నియమించినవాడు. వీళ్లెవరూ లేకపోతే ఖాజీ, అంటే షరీయత్ న్యాయమూర్తి. ఈ వరుసలో చాచా (తండ్రి సోదరుడు) లేడు, పెద్దన్న లేడు, తల్లి కూడా లేదు. వాళ్లు పిల్లల్ని ఎంత ప్రేమగా పెంచినా, వీలునామా గానీ కోర్టు ఉత్తర్వు గానీ లేనిదే నేల అమ్మే హక్కు రాదు. హక్కున్న వలీకైనా గట్టి కారణం కావాలి. రెట్టింపు ధర రావడం, చనిపోయినవాడి అప్పు తీర్చడానికి వేరే దారి లేకపోవడం, పిల్లల పోషణకు ఇంకేమీ లేకపోవడం వంటివి.

ఖాజీ స్థానం మన ప్రాంతంలో ఎలా మారిందో కూడా చెప్పుకోవాలి. కోవెలకుంట్ల ప్రాంతం 1800లో దత్తమండలాలతో పాటు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది, 1858లో కర్నూలు జిల్లాలో కలిసింది. తీర్పు చెప్పే పని కోర్టులకు పోయింది. 1864 చట్టంతో ప్రభుత్వం ఖాజీలను నియమించడమే మానేసింది. 1880లో ఖాజీల చట్టం వచ్చినప్పుడు అది మొదట వర్తించింది మన మద్రాసు ప్రెసిడెన్సీకే. కానీ ఆ చట్టం ఖాజీకి న్యాయాధికారం ఇవ్వలేదు. అప్పటి నుంచీ యతీము ఆస్తి విషయంలో ఖాజీ కుర్చీలో ఉన్నది జిల్లా జడ్జి. కోర్టు నియమించిన గార్డియన్, కోర్టు అనుమతి లేకుండా స్థిరాస్తిని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, అయిదేళ్లకు మించి లీజుకు ఇవ్వకూడదు. కోర్టు అడిగితే ఆరు నెలల్లో ఆస్తుల జాబితా దాఖలు చేయాలి.

పొలం సంగతిలో మనకు ఇంకో తేదీ ముఖ్యం. 1937 షరీయత్ చట్టం వ్యవసాయ భూమిని పక్కన పెట్టింది. 1949లో మద్రాసు ప్రభుత్వం సవరణ చేసి దాన్ని కూడా షరీయత్ కిందికి తెచ్చింది. మన ప్రాంతం అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. కాబట్టి ఇక్కడి నల్లరేగడిలో యతీము ఆడపిల్లకు కూడా షరీయత్ ప్రకారం భాగం ఉంది. ఆమె వాటా రాయకుండా మగపిల్లల పేర్లే ఎక్కించే పద్ధతి చట్టానికీ విరుద్ధం, మతధర్మానికీ విరుద్ధం.

అప్పగింత కూడా వలీ పనిలో భాగమే. పిల్లల్ని ముందే పరీక్షించాలి, తెలివి కనబడ్డాక సాక్షుల ఎదుట సొమ్ము ఇచ్చెయ్యాలి. పదిహేను, పదహారేళ్ల కుర్రవాణ్ణి కౌలు మాటలకు పక్కన కూర్చోబెట్టుకోవడం, సెనగలు అమ్మేటప్పుడు మార్కెట్‌కు వెంట తీసుకెళ్లడం ఆ పరీక్షే. ఒకప్పుడు కోర్టు గార్డియన్ ఉన్న పిల్లలకు 21 ఏళ్లదాకా మైనారిటీ ఉండేది, 1999 సవరణతో అందరికీ 18 అయింది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది తల్లుల పరిస్థితి. ఇమాంబాందీ కేసులో తల్లి మైనరు పిల్లల వాటా అమ్మింది. 1918లో ప్రివీ కౌన్సిల్ తరఫున సయ్యద్ అమీర్ అలీ ఆ అమ్మకం చెల్లదని తీర్పు చెప్పారు. తర్వాత మీతియాన్ సిద్దీఖు కేసులో సుప్రీంకోర్టు కూడా తల్లి ఆస్తికి సంరక్షకురాలు కాదనే అంది. ఈ తీర్పులు తెలియక, భర్త వైద్యానికి చేసిన అప్పు తీర్చాలని ఒకామె దస్తావేజులో సంతకం పెడుతుంది. పిల్లలు పెద్దయ్యాక కొన్నవాళ్లతో వ్యాజ్యం మొదలవుతుంది, ఊరంతా ఆమెనే తప్పుపడుతుంది. నిజానికి కోర్టు తల్లిని గార్డియన్‌గా నియమించవచ్చు, నియమిస్తోంది కూడా. తండ్రి బతికుండగానే వీలునామాలో ఆమె పేరు రాయవచ్చు. భర్త పోయిన ఇంటికి చాలీస్వాఁ (నలభయ్యో రోజు) నాటికి మన జమాతు పెద్దలు వంటల లెక్కతో పాటు మరణ ధ్రువపత్రం, పిల్లల పుట్టిన తేదీ పత్రాలు, పాసుపుస్తకం నకలు, అప్పుల వివరాలు కూడా తీయించి, ఆమె వెంట వకీలు దగ్గరికి నడవాలి. అమ్మకం మాట ఆ తర్వాతే.