చూపు ముందుకు, చేయి జాయింటు మీద

ఎండ ముదరకముందే నిచ్చెనెక్కి రండి. హైదరాబాద్ శివార్లలో ఒక గోదాము పైకప్పు ఇది. పొడవు 300 అడుగులు, వెడల్పు 200. కాలు పెట్టగానే కళ్లు చిట్లించక తప్పదు. అడుగున ఇనుప రేకు, దాని మీద వేడి దిగకుండా ఇన్సులేషన్ పలకలు, అన్నిటికీ పైన తెల్లటి టీపీఓ ప్లాస్టిక్ షీటు. మందం 1.5 మిల్లీమీటర్లే. పదడుగుల వెడల్పున్న చుట్టలను పక్కపక్కన పరిచి, అంచు మీద అంచు వేసి, వేడిగాలి మెషీనుతో కరిగించి అతికించారు. అలాంటి జాయింట్లు పొడవునా 20 దాకా ఉన్నాయి. లెక్కేస్తే 6,000 అడుగులు, అంటే సుమారు 1.8 కిలోమీటర్లు. అందులో ప్రతి అంగుళాన్నీ ఎవరో ఒకరు తడిమి చూడాలి.

ఆ పని మీద ఉన్న మేస్త్రీని చూడండి. నడుము రెండుగా వంగి ఉంది. చేతిలో మొన అరగదీసిన వంకర ఇనుప పుల్ల. దాన్ని జాయింటు అంచుకు ఆనించి తనవైపు లాక్కుంటూ వెనక్కి వెనక్కి అడుగులేస్తున్నాడు. గట్టిగా అతికిన చోట పుల్ల సాఫీగా జారుతోంది. ఉన్నట్టుండి ఒకచోట లోపలికి దిగింది.

“ఇగో సార్, ఈడ పట్టలే.”

మీరూ మోకాళ్ల మీద కూర్చుని చూడండి. పైకి ఏమీ తెలియదు, అంచు నున్నగానే ఉంది. మెషీను కాస్త వేగంగా కదిలిందో, షీటు మీద దుమ్ము మిగిలిందో, అంగుళంమేర ప్లాస్టిక్ సరిగ్గా కరగలేదు. వానాకాలంలో నీళ్లు ఇక్కడే దిగుతాయి. పలకల్ని తడిపి, రేకు గాడుల వెంట పారి, ఎక్కడో దూరాన బస్తాల మీద చుక్కలుగా పడతాయి. కింద తడి కనబడిన చోటుకి సరిగ్గా పైన వెతికితే కన్నం దొరకదు. అందుకే ఈ తడమడం, అదీ అతుకు పూర్తిగా చల్లారాక.

మేస్త్రీ మళ్లీ వంగాడు. ఇప్పుడు జాయింటు వదిలేసి అతని మడమల వెనక్కి చూడండి. నాలుగడుగుల దూరంలో వెలుతురు కోసం పెట్టిన ప్లాస్టిక్ రేకు. దుమ్ము పేరుకుని చుట్టూ ఉన్న కప్పు రంగులో కలిసిపోయింది. మనిషి బరువుకి అది ఆగదు.

“అన్నా, ఎనక సూస్కో!” అని అటునుంచి కుర్రాడు కేకేశాడు. మేస్త్రీ ఆగాడు. ఒంటికి హార్నెస్ ఉంది, తాడు లైఫ్‌లైన్‌కి తగిలించి ఉంది. అయినా చెమట తుడుచుకుంటూ అన్నాడు: “వంగినంక నాకు జాయింటే కనబడ్తది సార్. వెనక కన్నేసేటందుకు ఒకడుండాలె.”

మేం తయారు చేస్తున్న చక్రాల కర్ర ఈ మాటకు జవాబు. సంచీ విప్పుతున్నాను, దగ్గరికి రండి. మోచేతి ఎత్తున పిడి, కింద రెండు రబ్బరు చక్రాలు. ఒకటి పై షీటు మీద, ఇంకోటి కింది షీటు మీద దొర్లుతాయి. రెండింటి మధ్య, మెత్తటి స్ప్రింగు మీద, మొద్దు మొన. అది ముందుకి పొడుచుకు రాదు. పక్కకి, కాస్త వెనక్కి వాలి, అంచుకు ఆని ఉంటుంది. ముందుకి ఉంటే తోసేటప్పుడు షీటునే చీరేస్తుంది. స్ప్రింగు బిగువెక్కువైతే మంచి అతుకునీ విప్పుతుంది, తక్కువైతే ఖాళీ మీదుగా జారిపోతుంది. ఈ పనిముట్టు ప్రాణమంతా ఆ బిగువులోనే ఉంది.

తీసుకోండి, తోయండి. నిటారుగా నిలబడి, ముందుకే నడవండి. దున్నే రైతు చూపు సాలు చివర ఉంటుంది, నేల గట్టిదో మెత్తదో మేడి పట్టిన చేయి చెబుతుంది. ఇక్కడా అంతే. సన్నటి జారుడు అరచేతికి అందుతోంది కదా? ఇప్పుడు పిడి పక్కకి లాగింది! ఆగండి. మొన ఖాళీలోకి దిగింది. బొటనవేలి దగ్గరి మీట నొక్కండి, కింద నీలం గీత పడుతుంది. గీత జాయింటుకి జానెడు దూరంలో పడేలా పెట్టాం. రంగు అంటిన చోట మళ్లీ వేడిగాలి పెట్టినా అతుకు పట్టదు.

పిడి వదలండి. చక్రాలు టక్కున బిగుసుకున్నాయి చూశారా? నీళ్లు పారడానికి ఈ కప్పుకి అడుక్కి పావంగుళం వాలు ఉంది. బ్రేకు లేని చక్రం ఆ వాలునే పట్టుకుని అంచుదాకా దొర్లి, కింద నడిచేవాళ్ల మీద పడొచ్చు. ఇంకోవైపు తోసే ముందు చక్రాలు తుడవాలి. రబ్బరులో ఇరుక్కున్న గులకరాయి మనం కాపాడే షీటునే గీరుతుంది.

ఇక్కడ మూడు షీట్లు ఒకదాని మీద ఒకటి కలిశాయి. మెట్టులా లేచిన ఈ మూల దగ్గర మొన ఎగిరి దాటేస్తుంది. చక్రాల కర్ర పక్కన పెట్టి, చుట్టూ చూసుకుని, కూర్చుని పాత పుల్లతోనే తడమండి. నీళ్లకు ఇష్టమైన దారి ఇదే కాబట్టి ఈ చోటుకి మనిషి చేయే కావాలి. హార్నెస్ కూడా విప్పేది లేదు.

మేస్త్రీ పిడి అందుకున్నాడు. నాలుగడుగులు తోశాడు, తలెత్తాడు. దారిలో ఉన్న ప్లాస్టిక్ రేకును ఇంకా ఇరవై అడుగులు ఉండగానే చూసి, “దాని చుట్టూ తాడు కట్టురా ముందు,” అని కుర్రాడికి చెప్పాడు. ఇందాక ఆ రేకు గురించి కుర్రాడు కేకేయాల్సి వచ్చింది. ఇప్పుడు మేస్త్రీయే ముందుగా చూశాడు.

జాగ్రత్తగా ఉండమని గోడ మీద బోర్డు రాయడం తేలిక. కళ్లను జాయింటుకి కట్టేసే పుల్ల చేతికిచ్చి, వెనక అంచు చూసుకోమనడం అన్యాయం. పనిముట్టు తయారు చేసేవాళ్లు మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే: పని చేస్తున్నంతసేపూ ఆ మనిషి చూపు ఎక్కడుంటుంది? అడుగు పడే చోటు ముందే కనబడేలా చేయగలిగితే, బరువు, చక్రాలు, స్ప్రింగు ఎలా ఉండాలో దాన్ని బట్టే తేలుతుంది.