శివారు దాకా తీగ



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నా సర్వీసు జ్ఞాపకాలు వ్రాద్దామనుకొన్నాను. "అవి అందరూ వ్రాస్తారండీ. ఈ ఫైబరు కొందరి ఇళ్ళకు ఎలా వచ్చింది, కొందరికి ఎందుకు రాలేదు, ఆ చరిత్ర వ్రాయండి" అన్నారాయన. 1976 నుండి 2014 వరకు బందరు, గుడివాడ, అవనిగడ్డల మధ్య తీగల వెంట తిరిగినవాణ్ణి గనుక కాదనలేకపోయాను.

డెల్టాలో పుట్టినవారికి శివారు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. బెజవాడలో ప్రకాశం బ్యారేజి దగ్గర నీరు వదిలితే ఎగువ చేలు ముందు తడుస్తాయి. నాగాయలంక, కోడూరు వైపు శివారు భూములకు అందరూ తోడుకోగా మిగిలినది వస్తుంది. నీటి ఎద్దడి వచ్చిన ఏడు మొట్టమొదట ఎండేది కూడా ఆ చేలే. టెలిఫోను తీగ కూడా కాలువ లాంటిదేనని ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసు నాకు నేర్పింది.

ఈ పాఠం మొదటిసారి నేర్చుకొన్నది 1977 నవంబరు 19, శనివారం నాడు. అప్పటికి నేను కొత్తగా చేరిన టెక్నీషియన్‌ను. ఆ రోజు గాలి ముదిరేకొద్దీ దివి వైపు లైన్లు ఒక్కటొక్కటిగా మూగవోయాయి. ఎన్నిసార్లు రింగు కొట్టినా అవతల నుండి ఉలుకూ పలుకూ లేదు. గాలికి లైన్లు పోవడం మామూలే గదా, తెల్లవారి చూద్దాంలే అనుకొన్నాము. అవతల పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి ఊళ్ళ మీదికి సముద్రం నడిచి వచ్చిందని మాకు తెలియదు. ఆ వార్త తీగ మీద రాలేదు, బురదలో నడిచి వచ్చిన మనుషులు తెచ్చారు. వేలాది ప్రాణాలు పోయాయి. తరువాత స్తంభాలు నిలబెట్టడానికి వెళ్ళినప్పుడు మన తీగలు తాటిచెట్లకు చుట్టుకొని కనబడ్డాయి. శివారు ఊరికి తీగ ఎందుకు ముఖ్యమో ఆనాటి నుండి నాకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

ఆ తరువాత 1985లో తపాలా నుండి టెలికాం విడిపోయి వేరే శాఖ అయింది. 1984లో ఏర్పడిన సీ-డాట్ మన వాతావరణానికి తగిన చిన్న ఎక్స్ఛేంజీలు తయారుచేయడంతో పల్లెలకు ఫోను దగ్గరయింది. అయినా మన నల్లరేగడిలో రాగి కేబులుతో కాపురం కష్టమే. అడుగు తవ్వితే నీరు, సముద్రం దగ్గర పడితే ఉప్పునీరు. జాయింటులో చెమ్మ చేరిందంటే వానాకాలమంతా గరగర శబ్దమే. అందుకే ఎక్స్ఛేంజీల మధ్య గాజు తీగ వేసినప్పుడు మా జాయింటర్లు పండగ చేసుకొన్నారు. అందులో ప్రవహించేది కరెంటు కాదు, వెలుగు. రాగిని పాడుచేసినట్లు చెమ్మ దాన్ని పాడుచేయలేదు.

పోటీ మాటకు వస్తే, 1994 జాతీయ టెలికాం విధానం ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది. లైసెన్సు తీసుకొన్నవారు పల్లెల్లో కూడా పబ్లిక్ ఫోన్లు పెట్టాలన్నారు. ఆ షరతు చాలా మటుకు కాగితం మీదనే మిగిలింది. అందుకే 2002లో సార్వత్రిక సేవా నిధి ఏర్పరచి, అన్ని కంపెనీల రాబడి నుండి కొంత పల్లెల కోసం వసూలు చేయవలసి వచ్చింది. పోటీ తనంతట తాను శివారుకు పోదని ప్రభుత్వమే ఒప్పుకొన్నట్లయింది.

2000 అక్టోబరు 1న మన శాఖ బి.ఎస్.ఎన్.ఎల్. అయింది. 2004 బ్రాడ్‌బ్యాండు విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లు వస్తే చాలు, అది బ్రాడ్‌బ్యాండే! మరుసటి ఏడు పాత రాగి జత మీదనే ఆ సేవ మొదలయింది. అయితే ఎక్స్ఛేంజి నుండి దూరం పెరిగిన కొద్దీ రాగిలో వేగం తరిగిపోతుంది. నాలుగైదు కిలోమీటర్లు దాటితే ఇక లేనట్లే. గుడివాడ నడిబొడ్డున వేగంగా వచ్చేది, దివిలో చివరి పిల్లరు అవతల వచ్చేది కాదు. అర్జీ పట్టుకొని వచ్చిన పెద్దలకు "మీ ఇల్లు దూరమండీ" అని చెప్పి పంపడం నా వంతయింది.

ఇంటి దాకా ఫైబరు వచ్చాక ఆ దూరం బాధ తీరింది. ఒక్క పోగు ఇరవై కిలోమీటర్ల వరకు పోతుంది, దారిలో చీల్చి 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచవచ్చు. ఇక అడ్డేమిటి? లెక్కే అడ్డు. మాట వరుసకు, గుడివాడ వీధిలో కిలోమీటరు తీగ లాగితే వంద గుమ్మాలు తగులుతాయనుకోండి, చెరువుల మధ్య పల్లెలో అదే కిలోమీటరుకు ఆరు తగులుతాయి. తీగ ఖర్చు మాత్రం ఒక్కటే. అందుకే పట్టణంలో ఒకే స్తంభానికి మూడు నాలుగు కంపెనీల తీగలు వేలాడతాయి, శివారు ఊరి స్తంభానికి కాకులు వాలతాయి. పైగా 2016 సెప్టెంబరులో జియో రాకతో సెల్లు డేటా చవకై, తీగ కోసం అడిగేవారే తగ్గారు. 2024 నాటికి దేశంలో బ్రాడ్‌బ్యాండు కనెక్షన్లు 90 కోట్లు దాటితే, వాటిలో తీగ మీద వచ్చేవి సుమారు 4 కోట్లే.

ఈ లోటు పూడ్చడానికే 2011 అక్టోబరులో కేంద్రం రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబరు వేసే పథకం ఆమోదించింది. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు మార్చారు. మన రాష్ట్రం అదే ఏడాది ఫైబర్‌నెట్ సంస్థను పెట్టి, భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా సుమారు 24,000 కిలోమీటర్ల తీగ లాగింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్‌నెట్ ఇస్తామంటే కేబుల్ టీవీ కుర్రాళ్ళే ఆశ్చర్యపోయారు.

స్తంభాల మీద మంచిదా, భూమిలో మంచిదా అని నన్ను చాలామంది అడుగుతారు. పైన ఉంటే తుపానుకు భయం, కింద ఉంటే పొక్లెయినుకు భయం. ఒకసారి కాలువ పూడిక తీసే యంత్రం ఒక్క తోపుతో మా కేబులును తెంపి గట్టు మీద పడేసింది. నడిపే కుర్రవాడు "వేరు అనుకున్నాను సార్" అన్నాడు. రాత్రంతా టార్చి వెలుగులో పోగులు అతికించాము. తవ్వే ముందు తెలియజేయడానికి 2023 మార్చిలో కేంద్రం ఒక యాప్ తెచ్చింది. మంచిదే, కాని ఫోను తీసి చూసే ఓపిక కూడా ఆ కుర్రవాడికి ఉండాలి గదా.

అసలు సంగతి ఇక్కడే ఉంది. తీగ వేయడం ఒక ఏడాది పని, నిలబెట్టడం నిత్యం పని. 2020 జనవరి 31న ఒక్కరోజే 78 వేల మందికి పైగా బి.ఎస్.ఎన్.ఎల్. ఉద్యోగులు స్వచ్ఛంద విరమణ తీసుకొన్నారు. వారిలో మన సభ్యులూ ఉన్నారు. ఏ కల్వర్టు కింద ఏ జాయింటు ఉందో తెలిసిన మనుషులు ఒక్కసారిగా ఇంటికి వెళ్ళిపోయారు. రెండు నెలలు తిరగకుండా లాక్‌డౌన్, పిల్లలకు ఆన్‌లైన్ చదువులు. దివిలో ఉండే మా అక్క ఫోను చేసి, "ఒరే తమ్ముడూ, మీ తీగ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిందట. మనవడేమో సిగ్నలు కోసం కాలువ గట్టు మీద కూర్చుంటున్నాడు. ఆ నాలుగు వీధులు దాటి మా గుమ్మానికి రావడానికి ఇంకెన్నేళ్ళురా?" అంది. తరువాత వెళ్ళి చూశాను. పెట్టె ఉంది, దీపం లేదు. బ్యాటరీ పోయింది, గదికి తాళం. తాళం ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు.

ఆ ఇంటికి చివరికి కనెక్షను ఇచ్చినవాడు ఊళ్ళోని కేబుల్ ఆపరేటరు. అతనికి ఒక మోటారు సైకిలు, ఒక అతుకు మిషను ఉన్నాయి. ఆదాయంలో వాటా పద్ధతిన ఇటువంటి ఆపరేటర్లతోనే ఇప్పుడు చాలా చోట్ల సేవ నడుస్తున్నది. రాత్రి తీగ తెగితే పొద్దున్నే వస్తాడు, ఎందుకంటే రాకపోతే వీధిలో తిరగలేడు. వెనకటి రోజుల్లో మన లైన్‌మన్ అలాగే ఉండేవాడు.

మనకు ఇందులో సొంత లాభం కూడా ఉంది. నవంబరు వస్తే జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. 2014 నుండి అది కంప్యూటరులో ఇవ్వవచ్చు, ఇప్పుడు ముఖం చూపినా చాలు. కాని శివారులో ఉన్న ఎనభై ఏళ్ళ పెన్షనరు బ్రతికే ఉన్నానని చెప్పుకోవాలంటే ఊళ్ళో తీగ బ్రతికి ఉండాలి. కనుక మిత్రులు తమ పంచాయతీలో పెట్టె ఉందా, దీపం వెలుగుతున్నదా, తాళం ఎవరి దగ్గర ఉన్నదో ఒకసారి విచారించండి. వెలగకపోతే అర్జీ వ్రాయండి. అర్జీ వ్రాయడంలో మనకు సాటి ఎవరు?

1977లో ఆ లైన్లు మూగవోతే తెల్లవారి చూద్దామనుకొన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు ఏ శివారు ఊరి దీపం ఆరినా నాకు ఆ శనివారమే గుర్తుకు వస్తుంది. ఇక సెలవు.